ఎంఎస్ ఉన్నవారికి గర్భనిరోధకం: ముందు చూడాల్సింది మందుల చీటీ

మెదడు, వెన్నుపాము నరాలను సొంత రోగనిరోధక వ్యవస్థే దెబ్బతీసే జబ్బు మల్టిపుల్ స్క్లిరోసిస్, అందరూ వాడే మాటలో ఎంఎస్, ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే పెళ్లి, పిల్లలు, ఇంకొకరు కావాలా వద్దా అని ఆలోచించే వయసులోనే ఈ జబ్బూ వచ్చి కూర్చుంటుంది. గర్భనిరోధకం కోసం వెళ్లినప్పుడు ముందుగా వచ్చే సందేహం ఒకటే: మాత్రలు వేసుకుంటే జబ్బు ముదురుతుందా? ముదరదు. మాత్రలు, ఇంజెక్షన్, కాపర్-టీ, వీటిలో ఏదీ ఎంఎస్‌ను తిరగబెట్టిస్తుందని ఆధారాలు లేవు. గర్భం కూడా జబ్బును పెంచదు. 1998లో వెలువడిన యూరప్ అధ్యయనంలో గర్భం చివరి మూడు నెలల్లో రిలాప్సులు, అంటే జబ్బు తిరగబెట్టడాలు, బాగా తగ్గాయి, కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో పెరిగాయి.

ఇబ్బంది వచ్చేది మరోవైపు నుంచి. న్యూరాలజిస్టు రాసే మందుల్లో కొన్ని కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి. మరికొన్ని గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయి. కాళ్లు కదలని స్థితిలో కొన్ని మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఒక్కోటీ విడివిడిగా డాక్టర్లకు తెలిసిన సంగతే. అయితే న్యూరాలజిస్టు చీటీ ఒక ఫైల్లో, గైనకాలజిస్టు చీటీ ఇంకో ఫైల్లో ఉంటాయి. రెండూ ఒక బల్ల మీదికి చేరేదాకా ఏ పద్ధతి మంచిదో చెప్పడం కుదరదు.

మందు ఆపాక ఎన్నాళ్లు ఆగాలి

ఎంఎస్ మందులన్నిటికీ ఒకే నియమం లేదు. ఇంటర్‌ఫెరాన్, గ్లాటిరమర్ ఇంజెక్షన్లు వాడేవారు గర్భం నిలిచేదాకా కొనసాగించవచ్చు. డైమిథైల్ ఫ్యూమరేట్ ఒంట్లోంచి త్వరగా పోతుంది కాబట్టి దానికోసం నెలల తరబడి ఆగే పని లేదు.

టెరిఫ్లునోమైడ్ సంగతి పూర్తిగా వేరు. రోజుకు ఒక్క మాత్ర, ఇంజెక్షన్ బెడద లేదు, దేశీయ జెనరిక్ కంపెనీలు తయారు చేస్తున్నాయి. అందుకే మన దగ్గర చాలామందికి రాస్తారు. కానీ మాత్ర ఆపినా అది రక్తంలోంచి పూర్తిగా పోవడానికి సగటున ఎనిమిది నెలలు, కొందరిలో రెండేళ్లు పడుతుంది. జంతువుల మీద జరిపిన పరీక్షల్లో పిండానికి హాని చేసిందన్న కారణంతో, పిల్లల్ని కనగల వయసులో సరైన గర్భనిరోధకం లేకుండా దీన్ని వాడకూడదని లేబుల్ మీదే గట్టి హెచ్చరిక ఉంటుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడు రెండేళ్లు ఎదురుచూడనక్కర్లేదు, ఒంట్లోంచి కడిగేసే పద్ధతి ఉంది. కొలెస్టిరమిన్ పొడి 8 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 11 రోజులు. అది పడకపోతే మోతాదును 4 గ్రాములకు తగ్గిస్తారు, లేదా యాక్టివేటెడ్ చార్‌కోల్ 50 గ్రాముల చొప్పున 12 గంటలకోసారి ఇస్తారు. తర్వాత రక్తపరీక్షలో మందు లీటరుకు 0.02 మిల్లీగ్రాములకన్నా తక్కువ ఉండాలి. కనీసం 14 రోజుల ఎడంతో చేసిన రెండు పరీక్షల్లోనూ అలా వస్తేనే గర్భనిరోధకం ఆపడం.

ఇక్కడ చాలామంది జారిపోయే మెట్టు ఒకటుంది. కొలెస్టిరమిన్ పేగులో దొరికినదాన్నల్లా పట్టుకుని బయటికి పంపేస్తుంది, గర్భనిరోధక మాత్రతో సహా. మందును కడిగేసే ఆ 11 రోజులే మాత్ర మీద ఆధారపడకూడని రోజులు. మిగతా మందులేవైనా ఉంటే కొలెస్టిరమిన్‌కు గంట ముందో, నాలుగు నుంచి ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. గర్భనిరోధక మాత్రకు తోడుగా కండోమ్ తప్పనిసరి. కాపర్-టీ ఉన్నవారికి ఈ బాధ లేదు, అది పేగు దారిలోకే రాదు.

ఫింగోలిమోడ్ ఆపాక రెండు నెలలు ఆగాలి. ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే బిడ్డలో లోపాల ముప్పు మామూలుకన్నా రెట్టింపని 2019లో యూరప్ మందుల సంస్థ తేల్చి, గర్భనిరోధకం లేకుండా ఇవ్వకూడదని చెప్పింది. క్లాడ్రిబిన్ అయితే ఆ ఏటి ఆఖరి మోతాదు తర్వాత ఆరు నెలలు. ఓక్రెలిజుమాబ్‌కు అమెరికా లేబుల్ ఆరు నెలలు చెబుతుంది. భారతదేశంలో ధర దృష్ట్యా దానికి బదులు ఎక్కువగా వాడే రిటుక్సిమాబ్ లేబుల్ మీద 12 నెలలని ఉంటుంది. ఎంఎస్ చూసే న్యూరాలజిస్టులు చాలామంది అంతకన్నా తక్కువే చెబుతారు, ఎందుకంటే ఈ రకం యాంటీబాడీలు గర్భం మొదటి మూడు నెలల్లో మాయ దాటి బిడ్డకు చేరేది చాలా తక్కువ. ఎన్ని నెలలన్నది ఆఖరి డ్రిప్ తేదీ చూపించి న్యూరాలజిస్టుతోనే తేల్చుకోవాలి.

ఈ గడువులన్నీ ఒకే తీరుగా భరించగలిగేవి కావు. రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్, క్లాడ్రిబిన్ ఒంట్లోంచి పోయినా వాటి ఫలితం నెలల తరబడి ఉంటుంది, ఆగే కాలంలో జబ్బు అదుపులోనే ఉంటుంది. ఫింగోలిమోడ్, నాటలిజుమాబ్ అలా కాదు. ఆపిన కొద్ది నెలల్లోనే జబ్బు అంతకుముందు లేనంత ఉధృతంగా తిరిగి రావచ్చు. ఏడాది రెండేళ్లలో బిడ్డ కావాలనుకునేవారికి ఫింగోలిమోడ్ మొదలుపెట్టడమే సరైన ఎంపిక కాదు. మందు మార్చుకోవడం గర్భనిరోధకం ఆపడానికి చాలా ముందే జరగాలి.

ఆపిన రోజే ఆగిపోయే పద్ధతి

ఇంత వివరం ఎందుకంటే గర్భనిరోధకానికి కూడా ఒక గడువుంటుంది, ఆపాక ఎన్నాళ్లకు గర్భం నిలుస్తుందన్నది. మందు గడువూ పద్ధతి గడువూ ఒకదానికొకటి పొసగాలి. వరస ఇలా ఉండాలి: ముందు మందు ఆపాలి, ఆగాల్సినన్ని నెలలూ గర్భనిరోధకం కొనసాగాలి, గడువు తీరిన రోజున దాన్ని తీసేయాలి, ఆ నెల నుంచే ప్రయత్నం మొదలవ్వాలి. అలా తీసిన రోజే ప్రభావం ఆగే పద్ధతులు కాపర్-టీ, దానిలాగే గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్, చేతికి పెట్టే ఇంప్లాంట్. మాత్రలు ఆపినా దాదాపు అంతే.

అంతరా ఇంజెక్షన్ ఈ వరసలో ఇమడదు. ప్రభుత్వం 2017లో అంతరా పేరుతో పీహెచ్‌సీల్లో ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టిన డీఎంపీఏ అనే హార్మోన్ ఇంజెక్షన్ ఇది, మోతాదు 150 మిల్లీగ్రాములు, మూడు నెలలకోసారి. ఆఖరి ఇంజెక్షన్ తర్వాత మళ్లీ గర్భం నిలవడానికి ఏడు నుంచి పది నెలలు పడుతుంది. నాటలిజుమాబ్ వాడే ఆవిడ ఇంజెక్షన్‌నూ మందునూ ఒకేసారి ఆపితే, గర్భం రాదు, జబ్బుకు మందూ ఉండదు; ఆ ఖాళీలో పడే రిలాప్స్ కాళ్లకో కళ్లకో శాశ్వత నష్టం మిగల్చవచ్చు. ఎముకల సంగతి కూడా చూసుకోవాలి. ఈ ఇంజెక్షన్ వాడినన్నాళ్లూ ఎముకల సాంద్రత కొంత తగ్గుతుంది. పదేపదే స్టెరాయిడ్లు ఎక్కించుకుని, నడక తగ్గి, ఎండ మొహం చూడని ఎంఎస్ పేషెంటు ఎముకలు అప్పటికే పలచబడి ఉంటాయి. అందుకే అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఏ జబ్బులో ఏ గర్భనిరోధకం వాడవచ్చో చెప్పే తన పట్టికలో 2016లో మొదటిసారి ఎంఎస్‌ను చేర్చినప్పుడు ఈ ఇంజెక్షన్‌కు రెండో వర్గం ఇచ్చింది. అంటే వాడవచ్చు, కాకపోతే కొంచెం చూసుకుని. ఇంప్లాంటుకు, రెండు రకాల లూపులకు, ఈస్ట్రోజెన్ లేని ప్రొజెస్టిన్ మాత్రలకు ఏ అడ్డూ లేని మొదటి వర్గం.

ఇంజెక్షన్‌కు మంచి గుణాలూ ఉన్నాయి. చాలామందికి ఏడాదిలో నెలసరి బాగా తగ్గుతుంది లేదా ఆగిపోతుంది. చక్రాల కుర్చీలో ఉండి, ప్యాడ్ మార్చుకోవడానికి కూడా ఇంకొకరి సాయం కావాల్సినవారికి అది చిన్న సుఖం కాదు. ఇక పిల్లలు వద్దనుకుని, ఎముకల పరీక్ష బాగుండి, ఫిట్స్ మందులు వాడుతున్నవారికి ఇది ఇప్పటికీ మంచి దారే. మూడు నెలల గడువుకు రెండు వారాలు ముందైనా, నాలుగు వారాలు ఆలస్యమైనా వేయించుకోవచ్చు.

మాత్ర బలం తగ్గించే మాత్రలు

ఎంఎస్‌లో జబ్బును ఆపే మందు ఒకటైతే, లక్షణాలకు వేసుకునేవి నాలుగు. చిక్కంతా ఈ నాలుగింటిలో ఉంటుంది. ఎందుకంటే ఫైల్లో పెద్ద మందు పేరే రాసి ఉంటుంది, ఇవి ఉండవు.

ముఖంలో కరెంటు కొట్టినట్టు వచ్చే నొప్పికి, కాళ్లూ చేతులూ ఉన్నట్టుండి మెలితిరిగే ఈడ్పులకు, ఫిట్స్‌కు కూడా వాడే కార్బమజెపిన్ గానీ ఆక్స్‌కార్బజెపిన్ గానీ రాస్తారు. ఇవి కాలేయంలోని ఎంజైములను ఉరకలు వేయిస్తాయి, హార్మోన్లు మామూలుకన్నా వేగంగా కరిగిపోతాయి. ఫెనిటాయిన్, రోజుకు 200 మిల్లీగ్రాములు దాటిన టోపిరమేట్ కూడా ఇదే పని చేస్తాయి. వీటితో పాటు మాత్రలు, ఇంప్లాంట్ వాడితే నమ్మకం లేదు. మందు ఆపాక కూడా 28 రోజులు ఆ ప్రభావం ఉంటుంది. కాపర్-టీకి, హార్మోన్ లూప్‌కు, డీఎంపీఏ ఇంజెక్షన్‌కు దీనివల్ల తేడా రాదు.

నీరసానికి రాసే మొడాఫినిల్ కూడా ఈ జాబితాలోదే. ఎంఎస్ నీరసం పగలు పడుకుంటే తీరేది కాదు, అందుకే ఉద్యోగాలు చేసేవారికి దీన్ని రాస్తుంటారు. ఇది మాత్రల బలాన్ని తగ్గించడమే కాక, గర్భంలో వాడితే బిడ్డకు లోపాలు రావచ్చని 2020లో బ్రిటన్ మందుల సంస్థ హెచ్చరించింది. ఆపాక రెండు నెలలదాకా గర్భనిరోధకం ఉండాలంది. అవసరమైన రోజు ఒకటి వేసుకుని, మిగతా రోజులు మానేసేవారు దీన్ని అసలు మందుగానే లెక్కపెట్టరు, డాక్టరు అడిగినా చెప్పరు. చెప్పాలి.

కండరాల బిగువుకు వేసుకునే బాక్లోఫెన్, మంటలకు వేసుకునే గాబాపెంటిన్, ప్రీగాబలిన్ వల్ల గర్భనిరోధక మాత్రలకు నష్టం లేదు. డైమిథైల్ ఫ్యూమరేట్ కూడా హార్మోన్లతో గొడవ పెట్టుకోదు. కాకపోతే మొదలుపెట్టిన తొలి నెలలో వాంతులు, విరేచనాలు ఎక్కువ. మాత్ర మింగిన మూడు గంటల్లోపు వాంతి అయితే అది వేసుకోనట్టే, ఇంకొకటి వేసుకోవాలి. ఆ నెలంతా కండోమ్ తోడుండటం మేలు. మైకోఫెనోలేట్ వాడేవారు, ముఖ్యంగా ఎంఎస్‌లాగే కనిపించే ఎన్ఎంఓ జబ్బు ఉన్నవారు, మాత్రల మీద ఒక్కదాని మీదే ఆధారపడకూడదు. దానికి లూప్ ఒక్కటే సరిపోతుంది, లేదంటే మాత్రలతో పాటు కండోమ్ కావాలి. ఆపాక ఆరు వారాలు ఆగాలి.

మరచిపోవడం గురించి కూడా చెప్పుకోవాలి. ఎంఎస్ జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను కొంత దెబ్బతీస్తుంది. రోజూ వేసుకునే మాత్రలతో మామూలు వాడకంలో ఏడాదికి వందమందిలో ఏడుగురికి గర్భం వస్తుంది. కండోమ్ ఒక్కటే అయితే 13 మందికి, ఇంజెక్షన్‌తో నలుగురికి, కాపర్-టీతో ఒకరికన్నా తక్కువ మందికి, ఇంప్లాంటుతో వెయ్యిలో ఒకరికి. టెరిఫ్లునోమైడ్, మైకోఫెనోలేట్ లాంటి మందు వాడుతుంటే వందలో ఏడు అనేది చిన్న అంకె కాదు. పైగా పాతరకం ప్రొజెస్టిన్ మాత్ర మూడు గంటలు ఆలస్యమైతే పని చేయదు. డెసోజెస్ట్రెల్ 75 మైక్రోగ్రాముల మాత్రకు 12 గంటల వెసులుబాటు ఉంది.

ఆదివారం, బుధవారం వేసుకునే ఛాయ మాత్ర సంగతేమిటని అడుగుతారు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారు చేసిన సెంట్‌క్రోమన్ ఇది; మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. హార్మోన్ కాదన్నది దాని మంచి గుణం. కాలేయం బాగోలేనప్పుడు వాడకూడదన్నది దాని నియమం. టెరిఫ్లునోమైడ్ కూడా కాలేయం మీద పనిచేసే మందే, వాడేవారికి ఎస్‌జీపీటీ పరీక్షలు చేయిస్తూనే ఉంటారు. ఆ రెండింటినీ కలపడం తెలివైన పని కాదు.

కాళ్లు ఎంత కదులుతున్నాయి

ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు, మాల-ఎన్, మాల-డి సహా, రక్తం గడ్డకట్టే ముప్పును కొంత పెంచుతాయి. మామూలుగా ఏడాదికి పదివేల మంది ఆడవాళ్లలో ఇద్దరికి కాలి సిరల్లో గడ్డ వస్తే, లెవోనార్జెస్ట్రెల్ ఉన్న మాత్రలు వాడేవారిలో ఐదు నుంచి ఏడుగురికి, డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరెనోన్ ఉన్నవాటితో తొమ్మిది నుంచి 12 మందికి. చక్కగా నడవగలిగిన ఎంఎస్ పేషెంటుకు ఈ లెక్క అందరితో సమానమే. సీడీసీ పట్టికలో ఆమెకు ఈ మాత్రలు మొదటి వర్గం. ఎక్కువకాలం కదలలేని స్థితిలో ఉన్నవారికి అవే మాత్రలు మూడో వర్గం, అంటే లాభంకన్నా ముప్పు ఎక్కువ. పిక్కల కండరాలు పిండితేనే కాలి రక్తం పైకి ఎక్కుతుంది. అవి కదలనప్పుడు రక్తం అక్కడే నిలుస్తుంది.

నిన్నటిదాకా నడిచినవాళ్లు రేపు మంచం పట్టడం ఎంఎస్‌లో ఉన్నదే. రిలాప్స్ వచ్చి మంచానికే పరిమితమై, మిథైల్‌ప్రెడ్నిసొలోన్ రోజుకు 1 గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు ఎక్కించుకుంటున్నప్పుడు, ఈస్ట్రోజెన్ మాత్ర వాడుతున్న సంగతి ఆ వార్డు డాక్టరుకు చెప్పాలి. అప్పటికది ఆపి ప్రొజెస్టిన్ పద్ధతికి మారడమా, గడ్డకట్టకుండా ఇంజెక్షన్ ఇవ్వడమా అన్నది వారు చూసుకుంటారు. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడితే అది ఎంఎస్ బిగువే అనుకుని ఊరుకోకూడదు. మొద్దుబారిన కాలికి నొప్పి తెలియకపోవచ్చు కూడా. వాపును కంటితో చూసి, రెండు పిక్కల చుట్టుకొలత టేపుతో పోల్చుకోవాలి.

గర్భనిరోధకం అని ఎవరూ అనుకోని ఈస్ట్రోజెన్ ఇంకో రెండు చోట్ల దాక్కుంటుంది. పీసీఓడీకి రాసే సైప్రోటెరోన్, డ్రోస్పిరెనోన్ మాత్రలు ఈస్ట్రోజెన్ కలిసినవే. రెండోది, పెళ్లికో వ్రతానికో తిరుపతి ప్రయాణానికో నెలసరి వాయిదా వేయడానికి మెడికల్ షాపులో కొనే నోరెథిస్టెరోన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు. రోజుకు మూడు వేసుకున్నప్పుడు అందులో కొంత ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది, తక్కువ మోతాదు గర్భనిరోధక మాత్రలో ఉన్నంత. మంచంలోనో చక్రాల కుర్చీలోనో ఉన్నవారికి దీన్ని చెల్లెలో వదినో తెచ్చిచ్చేస్తుంటారు. అదీ కాక, నెలసరి ఆగింది కదా అని దీన్ని గర్భనిరోధకంగా నమ్ముకోకూడదు, ఆ పని కోసం చేసింది కాదది.

మైగ్రేన్ ఎంఎస్ ఉన్నవారిలో తరచుగా కనిపిస్తుంది. తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు వచ్చే రకమైతే ఈస్ట్రోజెన్ మాత్రలు అసలే వద్దు. నడక బాగున్నా వద్దు.

నడక బాగుండి, మరే అడ్డూ లేనివారికి ఈ మాత్రల వల్ల ఒక లాభం ఉండొచ్చు. కొందరికి నెలసరికి ముందు రోజుల్లో నీరసం, కాళ్ల బరువు ఎక్కువవుతాయి. అండం విడుదలయ్యాక ఒంటి వేడి అర డిగ్రీ దాకా పెరగడం ఒక కారణం. వేడికి ఎంఎస్ లక్షణాలు ముదరడం ఎండాకాలం చూసినవారికి తెలిసిందే. అలాంటివారు ఏడు రోజుల ఖాళీ లేకుండా ప్యాకెట్లు వరసగా వాడవచ్చా అని డాక్టరును అడగవచ్చు.

బల్ల మీద ఎక్కించుకునేముందు

కాపర్-టీ, హార్మోన్ లూప్ కాగితం మీద చూస్తే ఎంఎస్‌కు అన్నిటికన్నా నప్పే పద్ధతులు. ఏ మందుతోనూ తగువు లేదు, గుర్తుంచుకునే పని లేదు, తీసిన నెలే గర్భం రావచ్చు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేసే కాపర్-టీ 380ఏ పదేళ్లు, కాపర్ 375 ఐదేళ్లు పనిచేస్తాయి. లోపల పెట్టాల్సి వచ్చినప్పుడే కష్టాలు తెలుస్తాయి.

తొడల కండరాలు బిగుసుకుపోయేవారికి మామూలు పద్ధతిలో కాళ్లు ఎడం చేసి పడుకోవడం సాధ్యం కాదు, బలవంతం చేస్తే ఈడ్పు వస్తుంది. బాక్లోఫెన్ మోతాదు పనిచేస్తున్న సమయానికి అపాయింట్‌మెంట్ పెట్టుకోవాలి. ఎడమవైపుకు తిరిగి పడుకోబెట్టి, పై కాలిని నర్సు పట్టుకుంటే కూడా లూప్ వేయవచ్చు. ముందే అడిగితే చాలామంది గైనకాలజిస్టులు ఒప్పుకుంటారు. మూత్రం ఖాళీ చేసుకుని వెళ్లాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే ముందు అది తగ్గించుకోవాలి. జ్వరం వస్తే పాత లక్షణాలన్నీ తిరిగొచ్చి రిలాప్స్‌లాగా భయపెడతాయి, అనవసరంగా స్టెరాయిడ్లు ఎక్కించే దాకా పోవచ్చు. బల్ల మీద ఉన్నట్టుండి బీపీ పెరిగి, ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టుంటే అక్కడితో ఆపమని చెప్పాలి. వెన్నుపాము పైభాగంలో మచ్చలు ఉన్నవారిలో అరుదుగా ఇలా జరుగుతుంది.

లూప్ వేశాక దారం తడిమి చూసుకోమంటారు. వేళ్లు మొద్దుబారినవారికి, చేతులు వణికేవారికి అది కుదరని పని. నాలుగు నుంచి ఆరు వారాలయ్యాక ఒకసారి చూపించుకుని, ఆ తర్వాత అనుమానం వచ్చినప్పుడల్లా స్కాన్ చేయించుకోవడమే మార్గం. పొత్తికడుపులో స్పర్శ తగ్గినవారికి లూప్ జారినా, లోపల ఇన్ఫెక్షన్ వచ్చినా నొప్పి తెలియకపోవచ్చు. వాసన వచ్చే తెల్లబట్ట, జ్వరం, ఉన్నట్టుండి బిగువు పెరగడం, ఇవే గుర్తులు. రోగనిరోధకశక్తి తగ్గించే మందులు వాడుతున్నా లూప్ వేయించుకోవచ్చు, సీడీసీ పట్టికలో దానికి రెండో వర్గం.

కాపర్-టీతో మొదటి నెలల్లో రక్తస్రావం ఎక్కువ. హిమోగ్లోబిన్ 9, 10 దగ్గర ఉన్నవారికి అది ఎంఎస్ నీరసం మీద ఇంకో బరువు. అలాంటివారికి హార్మోన్ లూప్ మంచిది. మొదట్లో మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా కనిపించినా తర్వాత స్రావం బాగా తగ్గుతుంది. ఇది ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇచ్చే జాబితాలో లేదు, బయట కొనాలి.

కాళ్లు విడదీయడమే కుదరనివారికి ఇంప్లాంట్ బాగుంటుంది. అగ్గిపుల్లంత కడ్డీ, పై చేయి చర్మం కింద పెడతారు, మూడేళ్లు పనిచేస్తుంది. కార్బమజెపిన్ వాడేవారికి మాత్రం కాదు.

ఏటా ఎంఆర్‌ఐ తీయించుకునేవారికి లోపల రాగి ఉంటే ప్రమాదమా అన్న భయం ఉంటుంది. కాపర్-టీ 380ఏతో 1.5, 3 టెస్లా యంత్రాల్లో స్కాన్ చేయవచ్చు, టెక్నీషియన్‌కు ముందే చెబితే చాలు. 52 మిల్లీగ్రాముల హార్మోన్ లూప్‌లోనూ ఇంప్లాంటులోనూ లోహం లేదు. లాప్రోస్కోపీ ఆపరేషన్‌లో వేసే ఫెలోప్ రింగ్ కూడా లోహం కాదు, సిలికాన్.

కండోమ్ ఒక్కటే వాడదలచుకున్నవారికి ఒక మాట. ఎంఎస్‌లో యోనిలో తడి తగ్గడం మామూలే. దానికి కొబ్బరినూనె, వ్యాజిలిన్ రాస్తే లేటెక్స్ కాసేపట్లోనే బలహీనపడి చిరుగుతుంది. నీటితో చేసిన జెల్లీ మాత్రమే వాడాలి.

ఆపరేషన్, కాన్పు, భర్త

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో గర్భనిరోధకం అంటే ఆపరేషన్ అనే అర్థం. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లోని పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతం పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. దేశం మొత్తం మీద 38 శాతం. రెండో కాన్పుతోనే ఆపరేషన్ అయిపోయాక ఎంఎస్ బయటపడితే గర్భనిరోధకం గొడవే లేదు, టెరిఫ్లునోమైడ్ అయినా నిశ్చింతగా ఇవ్వవచ్చు. జబ్బు ముందే తెలిసినవారికి మాత్రం "ఎలాగూ ఎంఎస్ ఉంది, ఇక పిల్లలెందుకు" అని ఇంట్లో పెద్దలు తొందరపెట్టడం కనిపిస్తుంది. ఎంఎస్ ఉన్నంత మాత్రాన పిల్లలు వద్దనడానికి కారణం లేదు. నిజంగా చాలనుకున్నప్పుడు కూడా మొదట ఆలోచించాల్సింది భర్తకు చేసే కోత, కుట్టు లేని వ్యాసెక్టమీ గురించి. పూర్తి మత్తు అక్కర్లేదు, ఆవిడ మందుల జాబితాతో సంబంధం లేదు. చేసిన రోజు నుంచి మూడు నెలలు, వీర్యపరీక్ష సున్నా అని వచ్చేదాకా, మరో పద్ధతి కొనసాగించాలి.

కాన్పయ్యాక నెలలు అన్నిటికన్నా జారుడు. రిలాప్సులు పెరిగే మొదటి మూడు నెలలూ ఇవే, మందు మళ్లీ మొదలుపెట్టేదీ ఇప్పుడే. పుట్టింట్లో ఉన్నాం కదా, పాలిస్తున్నాం కదా అని గర్భనిరోధకం మాట ఎత్తరు. అత్తింటికి వచ్చేసరికి నెలసరి రాకుండానే మళ్లీ గర్భం రావచ్చు. కాన్పయిన 48 గంటల్లోపు ఆసుపత్రిలోనే కాపర్-టీ వేయించుకుంటే ఈ బాధ తీరుతుంది. ఏడో నెల చెకప్‌లోనే అడిగి రాయించుకోవాలి. పాలిచ్చే తల్లికి ఈస్ట్రోజెన్ మాత్రలు ఆరు నెలలదాకా ఇవ్వరు.

జబ్బు భర్తకు ఉంటే గర్భనిరోధకం ఊసే ఎవరూ ఎత్తరు, కానీ ఎత్తాలి. క్లాడ్రిబిన్ వాడిన మగవాళ్లు కూడా ఆరు నెలలు, మైకోఫెనోలేట్ వాడినవారు 90 రోజులు ఆగాలని లేబుళ్లు చెబుతాయి.

తప్పిపోతే

కండోమ్ చిరిగినా, మాత్రలు తప్పినా ఎమర్జెన్సీ మాత్ర లెవోనార్జెస్ట్రెల్ 1.5 మిల్లీగ్రాములు 72 గంటల్లోపు, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. కార్బమజెపిన్, మొడాఫినిల్ లాంటివి వాడుతుంటే ఆ ఒక్క మాత్ర సరిపోదు. బ్రిటన్ మార్గదర్శకాలు అలాంటివారికి రెట్టింపు, అంటే 3 మిల్లీగ్రాములు చెబుతాయి. ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకోవడం అంతకన్నా నమ్మకం, ఆ తర్వాత పదేళ్లు అదే పనికొస్తుంది.

టెరిఫ్లునోమైడ్ వాడుతుండగా నెలసరి తప్పితే ఆ రోజే మాత్ర ఆపి, యూరిన్ టెస్ట్ చేసి, గర్భం ఉంటే కొలెస్టిరమిన్ వెంటనే మొదలుపెడతారు. ఇప్పటివరకు నమోదైన గర్భాల్లో బిడ్డల లోపాలు మామూలుకన్నా పెరిగినట్టు కనిపించలేదు కాబట్టి, భయంతో మరునాడే గర్భస్రావానికి పరుగెత్తనక్కర్లేదు. ఫింగోలిమోడ్ అయితే న్యూరాలజిస్టుతో మాట్లాడకుండా ఆపి కూర్చోకూడదు, ఆపాక జబ్బు విరుచుకుపడే ప్రమాదం ఉంది. ఆ ఫోన్ అదే రోజు చేయాలి. గర్భం ఉంచుకోవాలనుకుంటే 18 నుంచి 20 వారాల మధ్య టిఫా స్కాన్ జాగ్రత్తగా చేసేవారి దగ్గర, ఏ మందు ఎన్నో వారందాకా వాడారో రాసిచ్చి చేయించుకోవాలి. వద్దనుకుంటే, 2021 సవరణ తర్వాత చట్టం ప్రకారం గర్భనిరోధకం విఫలమవడం 20 వారాలదాకా చాలిన కారణమే, పెళ్లయినా కాకపోయినా; ఒక్క రిజిస్టర్డ్ డాక్టరు అభిప్రాయం సరిపోతుంది.